డాక్టరమ్మ చెప్పిన సినిమా

ఆ సినిమా పేరు డాక్టరమ్మకి గుర్తు లేదు. అందులో నటించినవాళ్ళ పేర్లు అసలే తెలియవు. పాత నలుపు తెలుపు సినిమా అనీ, ఎక్కడినుంచో అమెరికాకి వలసపోయిన మొగుడూ పెళ్ళాల కథ అనీ, తను మ్యూనిక్‌లో దిగిన మూడోరోజున చూశాననీ చెప్పేది. కథ మాత్రం పొల్లుపోకుండా చెప్పేది. మ్యూనిక్‌కి చదువుకోవడానికి వచ్చిన తెలుగు పిల్లల్లో ఆ కథ వినకుండా తప్పించుకున్నవాళ్ళు నాకు తెలిసి ఒక్కరూ లేరు.

పద్ధతి ఇదీ. కొత్తగా వచ్చినవాళ్ళని ఎవరో ఒక సీనియర్ ఆదివారం మధ్యాహ్నం ఆవిడ ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు. ఆవిడ ముద్దపప్పు, వంకాయ కూర, చారు, గడ్డ పెరుగు పెట్టేది. "పెట్టుకోండర్రా, మొహమాటపడకండి" అంటూ వెంటపడి మరీ వడ్డించేది. తిని చేతులు కడుక్కొచ్చి, కడుపు బరువెక్కి ఎవరూ లేవలేని సమయం చూసి సినిమా మొదలుపెట్టేది. మాలో మాకు అదొక వేళాకోళం. కొత్తవాడెవడైనా కనిపిస్తే "పప్పు తిన్నావా, సినిమా విన్నావా?" అని అడిగేవాళ్ళం. రెండూ అయితేనే వాడు మ్యూనిక్‌లో దిగినట్టు.

ఆవిడది తెనాలి. ఇక్కడి ఆస్పత్రుల్లో నలభయ్యేళ్ళు పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరైంది. వాళ్ళాయన ఇంజినీరు, పెళ్ళవగానే ముందొచ్చాడు. ఏడాది తర్వాత ఆవిడ వచ్చింది. పిల్లలు లేరు. నేను వచ్చేనాటికే ఆయన పోయి చాలాకాలమైంది. హాల్లో గోడమీద, గంధపు దండ వేసిన ఫోటోలో, బుద్ధిమంతుడిలా నవ్వుతూ ఉండేవాడు. కథ చెప్పేటప్పుడు ఆవిడ మధ్యమధ్యలో ఆ ఫోటో వైపు చెయ్యి చూపించేది.

"మూడోరోజు. ఇంట్లో బొగ్గు పొయ్యి రాజుకోలేదు. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. సినిమా హాల్లో వెచ్చగా ఉంటుందని తీసుకెళ్ళాడు ఈ మహానుభావుడు."

అమెరికా సినిమా, దానికి జర్మన్ మాటలు అతికించారు. ఆవిడకి అప్పటికి జర్మన్ ఒక్క ముక్క రాదు. పక్కన కూర్చుని ఆయన చెవిలో గుసగుసగా తెలుగులో చెప్తూ పోయాడు. వెనకవాళ్ళు విసుక్కుంటే ఇంకా గొంతు తగ్గించి చెప్పాడు. "తమాషా ఏవిటంటేనర్రా, పుట్టినప్పట్నించీ అమెరికాలో ఉన్నవాడూ, నిన్నగాక మొన్న ఓడ దిగినవాడూ, అందరూ ఒకటే జర్మన్ మాట్లాడేవారుట. భాష రాకపోవడమనేదే లేని దేశం ఏదైనా ఉంటే చెప్పండి, అక్కడికే పోదాం" అనేది. అందరం నవ్వేవాళ్ళం. అప్పటికి మాలో సగంమందికి రొట్టెల కొట్లో రొట్టె అడగడం కూడా రాదు.

కథ చిన్నదే. ఒక కొండ ఊరి పిల్ల. మొగుడు ముందే అమెరికా పోయి తోళ్ళ కార్ఖానాలో చేరతాడు. రెండేళ్ళకి ఆమె ఓడలో వెళ్తుంది, చేతిలో మూటగట్టిన తిరగలితో. రేవులో ఆఫీసర్లు మూట విప్పి, ఆ రెండు రాళ్ళూ చూసి పడీ పడీ నవ్వుతారు. కాపురం నాలుగో అంతస్తులో ఒక ఇరుకు గది. పొద్దున్నే ఆమె తిరగలి తిప్పుతుంటే కిందింటావిడ చీపురుకర్రతో పైకప్పు మీద పొడుస్తుంది. (ఆదివారంపూట మిక్సీ వేసి పొరుగువాళ్ళతో చీవాట్లు తిన్న మాకు ఈ సీను ప్రత్యేకంగా వివరించక్కర్లేదు.) కొట్లో పిండి దొరుకుతుంటే ఇదేం ఖర్మ అంటాడు మొగుడు. తలకి చుట్టుకున్న గుడ్డ తీసేయమంటాడు. నలుగురొస్తే ఆమెని లోపలికి పొమ్మంటాడు. చివరికి ఒకరోజు ఆమె తిరగలి మూటగట్టుకుని రేవుకి పోతుంది. ఓడ కూత వేస్తుంది.

ఇక్కడ డాక్టరమ్మ ఆగేది. కళ్ళజోడు తీసి పైటతో తుడుచుకునేది.

"ఓడ వెళ్ళిపోయిందర్రా. ఆవిడ ఎక్కలేదు."

తర్వాత తెర నిండా రెండు చేతులు. ముడతలు పడ్డ చేతులు, తిరగలి తిప్పుతూ. అదే అమెరికాలో, అదే గదిలో ముసలిదైపోయింది. పిండి రాలుతుంటుంది, సినిమా అయిపోతుంది. "రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవకూడదు" అని ముక్తాయింపు చెప్పి, అందరికీ తలా ఒక సున్నుండ పెట్టి పంపించేది.

నేను ఆ కథ విన్నది నవంబరులో. వచ్చి నెల దాటింది. నాలుగింటికే చీకటి పడిపోతోంది. క్లాసులో ప్రొఫెసర్ చెప్పేది సగం అర్థమవుతోంది, పక్కవాళ్ళు చెప్పుకునే జోకులు అసలు అర్థం కావడంలేదు. ఎవరికీ చెప్పకుండా సూట్‌కేసు సర్దిపెట్టుకున్నాను. ఆదివారం పప్పు తినేసి, సోమవారం మా ఊరు హన్మకొండకి టికెట్ చూసుకోవాలని నా ఆలోచన. ఆ కథ విన్నాక హాస్టలుకొచ్చి సూట్‌కేసు విప్పేశాను. ఇందులో గొప్ప ఏమీ లేదు. అంతకు రెండు తరాల ముందు ఎవతో ఒకామె, నాకంటే పేదది, నాకంటే చదువు లేనిది, రేవుదాకా పోయి కూడా ఓడెక్కలేదంటే నాకు సిగ్గేసింది. ఆ తర్వాత ఏ కష్టమొచ్చినా ఆ చేతులే తలుచుకునేదాన్ని. మా అమ్మ ఆంజనేయస్వామిని తలుచుకున్నట్టు.

రెండేళ్ళు అలా గడిచాయి. మూడో ఏడు కరోనా వచ్చింది.

ఆ వసంతకాలం గురించి చెప్పాలంటే నాకిప్పటికీ ఒళ్ళు బరువెక్కుతుంది. పొద్దున్న హోటల్లో టిఫిన్ల దగ్గర పనిచేసేదాన్ని, హోటలే మూసేశారు. థీసిస్ చేయాల్సిన లాబ్ మూసేశారు. ఎప్పుడు తెరుస్తారని ప్రొఫెసర్‌కి రాస్తే తనకీ తెలియదని జవాబు రాశాడు, పాపం మర్యాదగానే. హాస్టల్లో అంతస్తుకి ఒకటే వంటిల్లు. ఒకసారి ఒకరే వెళ్ళాలని తలుపుకి కాగితం అంటించి టైములు రాశారు. నాకు వచ్చింది మధ్యాహ్నం రెండున్నర. రెండున్నరకి అన్నం వండుకుని, గదికి తెచ్చుకుని, గోడకి ఎదురుగా కూర్చుని తినేదాన్ని. మళ్ళీ మర్నాడు రెండున్నరదాకా చేయడానికి పనేమీ ఉండేది కాదు. పని చేసి అలిసిపోవడం నాకు తెలుసు. ఏమీ చేయకుండా అంతగా అలిసిపోతానని అప్పుడే తెలిసింది.

ఊపిరాడినది శనివారాలు మాత్రమే. ఒంటరిగా ఉన్న తెలుగు పెద్దవాళ్ళకి సరుకులు తెచ్చిపెట్టడానికి వాట్సాప్ గ్రూపులో పేర్లు రాసుకున్నారు. డాక్టరమ్మ పేరు ఎదురుగా నా పేరు రాసుకున్నాను. ఆవిడది కింది వాటా. వెనకవైపు నాలుగు ఇళ్ళకీ కలిపి ఒక పెరడు, దాంట్లోకి తెరుచుకునే అద్దాల తలుపు. నేను సంచీ గడపలో పెట్టి దూరం జరిగితే, ఆవిడ ఒక్కొక్క వస్తువూ తీసి కంటికి ఆనించుకుని చూసుకునేది. రెండు కళ్ళకీ పొరలు కమ్మాయి. ఏప్రిల్‌లో ఆపరేషనుకి టెర్మిన్, అదే తారీఖు, ఇచ్చి, కరోనా మూలంగా వాయిదా వేశారు.

"ఇది కొత్తిమీరా, పార్స్‌లీయా?"

"కొత్తిమీరే డాక్టరమ్మా. వాసన చూడుండ్రి."

"మాస్కు తీస్తే నువ్వే తిడతావు కదే!"

తర్వాత నేను పెరట్లో ప్లాస్టిక్ కుర్చీలో, ఆవిడ గడప లోపల పడకకుర్చీలో కూర్చుని ఒక గంట మాట్లాడుకునేవాళ్ళం. వారం మొత్తంలో నేను నోరు విప్పి తెలుగు మాట్లాడే గంట అదే. ఫోన్లో అక్కతో మాట్లాడేది లెక్కలోకి రాదు. అది మాట్లాడేది, నేను ఊఁ కొట్టేదాన్ని.

మే చివర్లో అక్క ఒకటే పోరు పెట్టింది. ఇళ్ళకి పోవాలనుకునేవాళ్ళ కోసం ప్రత్యేక విమానాలు వేస్తున్నారు, నన్నడగకుండానే నా పేరు జాబితాలో ఎక్కించేసింది.

"మెయిల్ వస్తది. వస్తనని జెప్పు, అంతే. ఆడ ఒక్కదానివి గోడల్ని జూసుకుంట ఏం జేస్తవే?"

"డిగ్రీ సగంల ఉన్నదక్కా."

"ఉంటే ఉండనీ. నువ్వుంటే గద డిగ్రీ!"

మెయిల్ వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి విమానంలో నాకు సీటుంది, సోమవారం మధ్యాహ్నంలోగా ఔననో కాదనో చెప్పకపోతే మరొకరికి ఇచ్చేస్తారు. నా వీసా ఆగస్టుదాకా. పొడిగించే ఆఫీసు మూసి ఉంది. ఇప్పుడు వెళ్తే తిరిగి రావడం జరిగే పని కాదు. చదువు మధ్యలో వదిలేసి వచ్చిందని హన్మకొండలో ప్రతి గుమ్మం ముందూ అనుకుంటారు. వెళ్ళకపోతే మళ్ళీ ఆ రెండున్నర, ఆ గోడ, ఎన్నాళ్ళో తెలియదు. వెళ్ళిపోవాలని ఒళ్ళంతా కోరుకుంటోంది. మనసులో మాత్రం ఆ ముడతల చేతులు తిరగలి తిప్పుతూనే ఉన్నాయి.

జాబితాలో నా పేరు ఎక్కిన శనివారమే ఆ సంగతి డాక్టరమ్మకి చెప్పాను. "రోట్లో తల పెట్టాక" అంటుందని ఎదురుచూశాను. అనలేదు. కొత్తిమీర కట్ట ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఆకులు తుంచుతూ కూర్చుంది.

"ఆ సినిమా దొరుకుతుందేమో చూడవే" అంది చివరికి. "ఒక్కసారి చూడాలనుంది. ఈమధ్య ఆయన గొంతు గుర్తు తెచ్చుకుందామంటే రావడంలేదు."

పేరు తెలియని సినిమాని ఎక్కడ వెతకాలి? పాత సినిమాల పిచ్చివాళ్ళు కబుర్లు చెప్పుకునే చోటొకటి ఇంటర్నెట్‌లో దొరికింది. తిరగలి, తోళ్ళ కార్ఖానా, చీపురుకర్ర, ఓడ అని వచ్చిన ఇంగ్లీషులో రాసి పడేశాను. మూడోరోజు ఏ దేశంవాడో, పుణ్యాత్ముడు, లింకు పంపించాడు. మర్నాడే, మెయిల్ కూడా వచ్చిన ఆ గురువారం పూట, గదిలో కూర్చుని చూశాను. మంచి సినిమా ఏం కాదు. సాగదీసి సాగదీసి తీశారు, సంగీతం చెవులు చిల్లులు పడేట్టుంది. అయినా తిరగలి మూట విప్పగానే తెర దగ్గరికి జరిగి కూర్చున్నాను. ఆఫీసర్లు నవ్వారు. కిందింటావిడ పొడిచింది. అంతా డాక్టరమ్మ చెప్పినట్టే, ఒక్క సీను అటూఇటూ కాలేదు.

రేవు వచ్చింది. ఓడ కూత వేసింది. ఆమె జనంలో కలిసిపోయింది. తర్వాత కదులుతున్న ఓడా, గట్టున టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డ మొగుడి మొహమూ తప్ప మరేమీ చూపించలేదు. వెంటనే తెర నిండా ఆ రెండు చేతులు. చేతులూ, తిరగలీ, వెనక ఒక గోడ. ఆ గోడ ఏ దేశానిదో చూస్తే తెలియదు. ఆ బొమ్మ మీదుగా, మనిషి కనిపించకుండా, ఒక చిన్నపిల్ల గొంతు చెప్తోంది: మా ఊళ్ళో ఒక ముసలమ్మ ఉండేది, ఓడెక్కి అమెరికా వెళ్ళి, మళ్ళీ ఓడెక్కి తన ఇంటికి తను వచ్చేసింది.

వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. మూడుసార్లు విన్నాను.

ఎక్కింది. ఆవిడ ఓడెక్కింది.

నాకు మొదట ఆ గంధపు దండ ఫోటో గుర్తొచ్చింది. ఓహో, అదా సంగతి! కొత్త పెళ్ళాం మూడోరోజున చలికి వణుకుతూ పక్కన కూర్చుంది, భాష రాదు. పెళ్ళాం మొగుణ్ణి వదిలేసి ఇంటికెళ్ళిపోయిందని ఉన్నదున్నట్టు చెప్తే రేపు ఈవిడా మూట కడుతుందని భయపడ్డాడు. చెవిలో కథ మార్చేశాడు. భాష రానివాళ్ళకి చెవిలో చెప్పినవాడే దేవుడు కదా. ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. పెద్దమనిషి, పోయినవాడు అని కూడా చూడలేదు. నా కోపమంతా నిజానికి డాక్టరమ్మ కోసం కాదు. నేను రెండేళ్ళు పట్టుకుని వేలాడింది ఒకాయన భయపడి అల్లిన అబద్ధాన్నా? సూట్‌కేసు విప్పింది దాన్ని నమ్మా? ఆ రోజు నాకు వంటింటి టైము దాటిపోయినా లేవలేదు.

సాయంత్రానికి కోపం చల్లారి, భయం పట్టుకుంది. నా సంగతి అలా ఉంచి, డెబ్భై ఏడేళ్ళ మనిషి, ఆ ఒక్క కథ మీద కాపురం, ఉద్యోగం, జీవితం మొత్తం నిలబెట్టుకున్న మనిషి. ఆవిడకి ఇప్పుడు ఈ సినిమా ఎలా చూపించను? దొరకలేదని చెప్దామనుకున్నాను. కానీ లింకు రాగానే సంబరంగా ఫోన్ చేసి చెప్పేశాను కదా, బుద్ధి లేక. ఆవిడ శనివారం కోసం పొంగడాలకి బియ్యం కూడా నానేసుకుందట.

శనివారం ఒంటిగంటకి వెళ్ళాను. ఆవిడే ఆ టైము పెట్టింది. ఒంటిగంట నుంచి మూడింటిదాకా ఆ ఇళ్ళల్లో ఎవరూ చప్పుడు చేయకూడదు, పెరట్లో పిల్లలు కూడా ఆడకూడదు, అది అక్కడి కట్టుబాటు. గడప దగ్గర స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి, ఎండ పడకుండా దానిమీద ఒక పక్క కోసిన అరటిపళ్ళ అట్టపెట్టె బోర్లించాను. ఆవిడ లోపలి నుంచి పడకకుర్చీ ముందుకి లాక్కుంది. నేను ఒక పక్కగా, మీటరున్నర దూరంలో, మాస్కు పెట్టుకుని కూర్చున్నాను.

"శబ్దం తీసేయ్" అంది.

"మరి మీకు అర్థం ఎట్లయితది?"

"శబ్దం పెడితే పైవాటా ఆయన నోటీసు అంటిస్తాడు. బొమ్మలు మసగ్గా కదుల్తున్నాయి, నాకది చాలు. నువ్వు చెప్పు, తెలుగులో. ఆయన చెప్పినట్టు."

దేవుడున్నాడనిపించింది. శబ్దం లేకపోతే ఆ చిన్నపిల్ల గొంతు లేనట్టే. నేను ఏం చెప్తే అదే సినిమా.

చెప్పాను. మాస్కులోంచి, గొంతు పెంచకుండా, అయినా వినపడేట్టు గంటన్నర చెప్పడమంటే మాటలు కాదు. మొదట్లో బొమ్మ చూసి చెప్పాను, కాసేపటికి చూడక్కర్లేకపోయింది. ఆవిడ దగ్గర విన్నదే కదా, ఆవిడ మాటల్లోనే వచ్చేస్తోంది. ఆఫీసర్లు నవ్వినచోట ఆవిడా నవ్వింది. తలగుడ్డ తీసేయమన్నచోట "వెధవ" అంది, చప్పుడు చేయకూడదని గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒకచోట కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమోనని ఆగితే, "చెప్పు, వింటున్నా" అంది.

రేవు వచ్చింది.

"ఓడ కూత ఏసింది" అన్నాను. "ఆమె మూట కింద పెట్టింది. అట్లనే నిలబడ్డది. ఓడ పోతున్నది డాక్టరమ్మా. ఆమె ఎక్కలేదు."

తెరమీద చేతులు తిరగలి తిప్పుతున్నాయి.

"ముసలిదైపోయింది. ఆ గదిలనే ఉన్నది, అమెరికల."

"ఎందుకే అబద్ధం చెప్తావు?" అంది డాక్టరమ్మ. గొంతులో కోపం లేదు. "ఆవిడ ఓడెక్కింది కదా."

సినిమా అయిపోయి తెర నల్లగా అయింది. ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది, తుడుచుకోలేదు.

"సారు మీకు మార్చి చెప్పిండనుకున్న" అన్నాను.

"ఆయనా? ఆయనకి అబద్ధం చెప్పడం చేతకాదే. ఉన్నదున్నట్టే చెప్పాడు. ఆవిడ ఎక్కేసింది, ఊరికెళ్ళిపోయింది, ఇదిగో ఇది వాళ్ళ ఊరు అని చెప్పాడు. నేను హాల్లోనే ఏడ్చా. బయటికొచ్చాక ట్రామ్ దగ్గర నిలబెట్టి, నువ్వూ వెళ్తావా, వెళ్తానంటే రేపే టికెట్ తీస్తానన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు."

"మీరు?"

"వెళ్ళనన్నా. ఉండాలని కాదే. తెనాలి స్టేషన్లో దిగితే ఎదురొచ్చే మొహాలు కనిపించాయి. ఫారిన్ వెళ్ళి నెల తిరక్కుండా వచ్చేసిందంటారని భయపడ్డా. ఆ సినిమా ఆవిడకున్న ధైర్యం నాకు లేదు. అంతే. తర్వాత బాగానే బతికాను, ఆ మాట చెప్పకపోతే పాపం. మంచివాడు, మంచి ఉద్యోగం. ఎందరు పిల్లల్ని బతికించానో. అయినా ఎవరైనా కొత్తవాళ్ళొచ్చి, మీరెలా ఉండిపోయారండీ అని అడిగితే భయమేసి ఉండిపోయానని ఎలా చెప్పను? మొదటిసారి ఎవరికో మార్చి చెప్పా. వాడు నమ్మాడు. ఇంకొకళ్ళకి చెప్పా. మీ కోసం చెప్పానని మీరంతా అనుకున్నారు. పదిమంది నమ్మితే నేనూ నమ్మొచ్చని చెప్పుకున్నానే."

నాకు కోపమొచ్చింది. దాచుకోను, చాలా కోపమొచ్చింది. పెద్దావిడ, చూపు సరిగా లేదు, అన్నం పెట్టిన చెయ్యి, అవన్నీ పక్కనపెట్టి, "నేను సూట్‌కేస్ సర్దుకున్న డాక్టరమ్మా, ఆ నవంబర్ల. మీ కథ ఇని ఇప్పిన" అన్నాను.

"తెలుసు. నీ మొహం చూస్తేనే తెలిసింది ఆరోజు. అందుకే ఇంకా గట్టిగా చెప్పా." ఆవిడ తల ఎత్తి నా వైపు చూసింది. నేను మసకగా ఎక్కడో కనిపిస్తుంటాను. "ఇప్పుడు మొహం కనపడటం లేదు గానీ గొంతు వినపడుతోంది. మొన్న విమానం మాట చెప్పినప్పుడు నువ్వు వెళ్ళమంటానని రాలేదు, ఉండమంటానని వచ్చావు. ఉండమని నా నోటితో ఇంకోసారి అనలేకపోయా. అది అబద్ధమని చెప్పడానికీ నోరు రాలేదు. సినిమా దొరికితే నువ్వే చూస్తావు కదా అనుకున్నా. చూసి కూడా నాకే కథ చెప్తావనుకోలేదు!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. చప్పుడు చేయకూడదని నోళ్ళు మూసుకుని నవ్వాం. పైన ఎవరో కిటికీ తలుపు వేసుకున్నారు.

"పోవాలనుంటే పో" అంది. "ఉండాలనుంటే ఉండు. ఆ నెపం నా సినిమా మీద మాత్రం వేయకు."

పొంగడాలు ఇచ్చింది, డబ్బా గడపలో పెట్టి దూరం జరిగి. ఎస్-బాన్ రైల్లో ఎవరూ లేని పెట్టెలో మాస్కు కిందికి లాగి అన్నీ తినేశాను. రెండు నెలల తర్వాత నాకు నిజంగా ఆకలేసింది ఆ రోజే. ఏడుపు రాలేదు. తేలికగా అయిందని కూడా చెప్పలేను. పొద్దుననగా ఎత్తుకున్న మూట దించుకుంటే భుజాలు నొప్పి పెడతాయి కదా, అలా ఉంది. ఆదివారం అంతా పడుకున్నాను. సోమవారం పదకొండింటికి మెయిల్‌కి జవాబు రాశాను, వస్తున్నానని.

వెళ్ళేముందు ఒక్క శనివారం దొరికింది. సరుకులు రెండు వారాలకి సరిపడా ఇచ్చి, నా తర్వాత వచ్చే అమ్మాయి నంబరు పెద్ద అక్షరాలతో అట్టమీద రాసి ఫ్రిజ్‌కి అంటించమని ఇచ్చాను. కాళ్ళకి దణ్ణం పెట్టడానికి దగ్గరికి వెళ్ళకూడదు. గడప బయట నేలకే దణ్ణం పెట్టాను. "ఏవిటే ఆ వంగడం, ఏం పడేసుకున్నావు?" అంది. ఏం లేదన్నాను.

హన్మకొండలో నేననుకున్నట్టే అయింది. పద్నాలుగు రోజులు గదిలో ఉండి బయటికి రాగానే ఎదురింటావిడ, "ఏమ్మా, చదువు అయిపోయిందా?" అని అడిగింది. "లేదు, మధ్యల ఇడిసిపెట్టి వచ్చిన" అన్నాను. ఆవిడ ఇంకేదో అడుగుదామనుకుని, నా మొహం చూసి మానేసింది. తర్వాత చాలామంది అడిగారు. అందరికీ అదే చెప్పాను. కొన్ని రోజులు గుచ్చుకుంది, తర్వాత వాళ్ళకే విసుగొచ్చింది.

డాక్టరమ్మ నవంబరులో ఫోన్ చేసింది. కరోనా మళ్ళీ పెరిగినా కొందరు కొత్త పిల్లలు ఎలాగో వచ్చారట. ఇంట్లోకి పిలవడానికి లేదు కనక, పెరట్లో దూరదూరంగా కుర్చీలేసి, కోట్లు వేసుకుని కూర్చోబెట్టి, డబ్బాల్లో పప్పన్నం పెట్టిందట.

"సినిమా కూడా చెప్పిండ్రా?"

"చెప్పానే. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పా. ఆవిడ ఎక్కేసిందని చెప్పా, నేను భయపడి ఎక్కలేదనీ చెప్పా. వాళ్ళలో ఒకమ్మాయి, మీ వైపు పిల్లే, కరీంనగర్. అప్పటికే ఏడ్చి ఏడ్చి ఉంది, వెళ్ళిపోదామని చూస్తోంది. నిన్న ఫోన్ చేసి ఏమందో తెలుసా? ఉంటానందే!"

ఆవిడ నవ్వుతోంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను గానీ ఆ పిల్ల మీద అసూయ కలిగింది. ఇంకా చూడనైనా లేదు.

"నాకు గూడ అట్లనే జెప్పి ఉంటే బాగుండు గదా డాక్టరమ్మా" అన్నాను.

అటువైపు నవ్వు ఆగిపోయింది.

"అప్పటికి నాకింకా ధైర్యం రాలేదే" అంది.

తర్వాత కంటి ఆపరేషనుకి కొత్త టెర్మిన్ ఎప్పుడిచ్చారని అడిగాను. జనవరిలో అని చెప్పింది.